మా బాబు స్కూల్ రివ్యూ: అమ్మగా మూడు స్టార్లు, టీచర్‌గా ఒకటి

ముందే చెప్పేస్తున్నా, స్కూల్ పేరు రాయట్లేదు. అక్కడ ఇంకా నా ఫ్రెండ్స్ పని చేస్తున్నారు, నా రివ్యూ తీసుకెళ్లి వాళ్ల నెత్తిన రుద్దుతారు. హైదరాబాద్‌లో మియాపూర్, చందానగర్ సైడ్ ఉండేవాళ్లకి ఇలాంటి స్కూళ్లు గల్లీకి రెండు కనిపిస్తాయి కాబట్టి ఇది ఏది అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, మీ పిల్లలు వెళ్లేది కూడా ఇలాంటిదే అయ్యుండొచ్చు. నేను అందులో మూడేళ్లు సిక్స్త్ నుంచి ఎయిత్ వరకు మ్యాథ్స్ చెప్పా, మా వాడు సెకండ్ నుంచి ఫోర్త్ వరకు అక్కడే చదివాడు. అంటే ఫీజు కౌంటర్‌కి ఇవతలా నిలబడ్డా, అవతలా నిలబడ్డా. 2022 జూన్‌లో ఇద్దరం చేరాం, 2025 ఏప్రిల్‌లో ఇద్దరం బయటికొచ్చేశాం.

పేరెంట్‌గా చూస్తే స్కూల్ మరీ తీసిపారేసేది కాదు. బిల్డింగ్ బాగుంటుంది, టాయిలెట్లు రోజుకి మూడుసార్లు కడుగుతారు, ఆయాలు మంచోళ్లు, బస్సులో అటెండర్ ఉంటుంది. ఫీజు 72 వేలు, బస్సు వేరే, బుక్స్ వేరే, యూనిఫామ్ వాళ్లు చెప్పిన షాపులోనే కొనాలి, ఆ షర్ట్ బట్ట రెండు ఉతుకులకే జాలీలా అయిపోతది. గ్రౌండ్ అని బ్రోషర్‌లో చూపించేది పక్కన ఖాళీ ప్లాట్, ఓనర్ ఇల్లు కట్టుకున్న రోజు గ్రౌండ్ గోవిందా. స్మార్ట్ బోర్డు ప్రతి క్లాసులో ఉంది, అందులో సగం పని చేస్తాయి. ఇవన్నీ మామూలే, వీటి గురించి రాయాలంటే నేను ఇంత పెద్దది రాసేదాన్ని కాదు.

నా బాధ వేరే. ఒక స్కూల్ మనకి అమ్మేది అసలు ఏంటి? ఏసీనా, బస్సా, బ్లేజరా? టీచర్ కదా. ఆ టీచర్‌కి ఎంత ఇస్తున్నారు, ఆవిడ ఎన్నాళ్లుంటుంది అని అడ్మిషన్ రోజు ఒక్క పేరెంట్ అడగడం మూడేళ్లలో నేను వినలేదు. నేనూ అడగలేదు, జాబ్ దొరికింది, బాబుకి సీట్ దొరికింది, అదే పదివేలు అనుకున్నా.

మా వాడి ఫోర్త్ క్లాసు కథ చెప్తే అర్థమవుతుంది. జూన్‌లో వాళ్లకి మ్యాథ్స్‌కి వచ్చిన మేడమ్ చాలా మంచి టీచర్, భిన్నాలు చెప్పడానికి ఇంటి నుంచి చపాతీలు తెచ్చి కోసి చూపించేది, వాడు ఇంటికొచ్చి చపాతీ తినకుండా ఒకటి బై నాలుగు, ఒకటి బై ఎనిమిది అంటూ ముక్కలు చేస్తూ కూర్చునేవాడు. ఆవిడకి స్కూల్ ఇచ్చేది 14 వేలు. ఆ ఏడాది గవర్నమెంట్ టీచర్ల డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి కదా, అందులో ఆవిడకి ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్ట్ వచ్చింది, 2024 అక్టోబర్‌లో ఎల్బీ స్టేడియంలో ఆర్డర్లు ఇచ్చారు, అంతే, దసరా సెలవుల తర్వాత మేడమ్ లేదు. ఎస్‌జీటీ మూల వేతనమే 31,040 నుంచి మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. ఎవరైనా వెళ్తారు, నేనైనా వెళ్తా. తర్వాత వచ్చినావిడ డిసెంబర్ దాకా ఉండి, రెండు బస్టాపుల అవతల ఇంకో స్కూల్ వాడు 3 వేలు ఎక్కువిస్తానంటే వెళ్లిపోయింది. మూడో అమ్మాయి ఇంకా బీఈడీ చదువుతోంది, పాపం, పిల్లలు క్లాసులో అరుస్తుంటే తను వాళ్లకంటే ఎక్కువ భయపడేది. ఫైనల్ ఎగ్జామ్స్ టైమ్‌కి మా వాడికి భిన్నాలు అంటే చపాతీలు తప్ప ఇంకేం గుర్తులేదు. నేను మ్యాథ్స్ టీచర్ని, ఇంట్లో చెప్పుకున్నా. మిగతా 39 మంది సంగతి?

టీచర్‌కి జీతం తక్కువైతే మనకేంటి అనుకునేవాళ్లకి ఇదే నా జవాబు. ఆ తక్కువైన డబ్బు చుట్టూ తిరిగి మన పిల్లోడి నోట్‌బుక్‌లోకే వస్తుంది, మూడు రకాల చేతిరాతల్లో.

ఇప్పుడు అవతలి వైపు నుంచి. నేను ఎమ్మెస్సీ బీఈడీ, టెట్ క్వాలిఫై, చేరేనాటికి ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్. ఆఫర్ చేసింది 18 వేలు. అందులో స్టాఫ్ పిల్లలకి సగం ఫీజు కన్సెషన్ అన్నారు, మిగతా 36 వేలు నెలకి 3 వేల చొప్పున కట్. పీఎఫ్ ఉంది అన్నారు, సంతోషపడ్డా, తీరా చూస్తే బేసిక్ 9 వేలే చూపించి నా వాటా 1,080, వాళ్ల వాటా 1,080 రెండూ నా జీతంలోంచే కోశారు. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది 12,690. మొదటి నెల జీతం డిపాజిట్ కింద వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు, నా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ కూడా తీసుకుని బీరువాలో పెట్టారు. మే నెల జీతం లేదు. రెండో ఏడాది 1,500 పెంచారు, పెంచినట్టు ప్రిన్సిపాల్ మేడమ్ స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందు చప్పట్లు కొట్టించారు కూడా.

నేను లెక్కల టీచర్ని కాబట్టి ఒక లీజర్ పీరియడ్‌లో కూర్చుని లెక్క వేశా (లీజర్ అంటే పేరుకే, ఎవరో ఒకరు రాలేదని సబ్‌స్టిట్యూషన్ పడని రోజు పండగ). ఒక సెక్షన్‌లో 40 మంది, తలా 72 వేలు, మొత్తం 28 లక్షల 80 వేలు. మా స్టాఫ్ రూమ్‌లో సోషల్ సార్ ఒకాయన ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గర, ఆయనే చెప్పారు నాకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 జనవరి 1న జీవో నెంబర్ 1 అని ఒకటి వచ్చింది, ప్రైవేట్ స్కూల్ వసూలు చేసే ఫీజుని ఎలా పంచాలో అందులో రాసుంది అని. మేనేజ్‌మెంట్‌కి 5 శాతం, మెయింటెనెన్స్‌కి 15, డెవలప్‌మెంట్‌కి 15, జీతాలకి 50, పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ లాంటి వాటికి మిగతా 15. అంటే ఒక్క సెక్షన్ నుంచి జీతాలకి 14 లక్షల 40 వేలు పోవాలి. వారానికి 48 పీరియడ్లు, ఒక టీచర్ 36 చెప్తే సెక్షన్‌కి ఒకటిన్నర టీచర్ కూడా అక్కర్లేదు, అయినా ఆఫీస్ వాళ్లు, ఆయాలు, పీఈటీ అందరినీ కలిపి ఇద్దరు అనే అనుకుందాం. తలా 7 లక్షల 20 వేలు, నెలకి 60 వేలు. మూడుసార్లు వేశా, ఎక్కడైనా తప్పు చేశానేమో అని. 60 వేలే వచ్చింది. నా చేతిలో 12,690.

సార్‌కి చూపిస్తే నవ్వి, అమ్మా ఆ జీవో వచ్చినప్పుడు నాకు జుట్టు నల్లగా ఉండేది అన్నారు.

సరే, అన్ని స్కూళ్లూ దోచుకుంటున్నాయి అని నేను అనను. మా ఇంటి వెనక గల్లీలో ఒక చిన్న స్కూల్ ఉంది, 150 మంది పిల్లలు, ఫీజు 15 వేలు, అది కూడా సగం మంది మార్చి దాకా కట్టరు. కరస్పాండెంట్ సారే ఫిజిక్స్ చెప్తారు, వాళ్లావిడ ఎల్‌కేజీ చూసుకుంటుంది, డ్రైవర్ రాకపోతే వ్యాన్ ఆయనే నడుపుతారు. అక్కడ అదే లెక్క వేస్తే మొత్తం 22 లక్షల 50 వేలు, అందులో సగం 11 లక్షల 25 వేలు, పది మంది స్టాఫ్‌కి పంచితే నెలకి 9,375. ఆయన ఇచ్చేది 9 వేలు. ఆయన్ని ఏమని తిట్టాలి? అక్కడ ఫీజే అంత, ఆ ఫీజు కట్టే ఆటో అన్న, మేస్త్రీ అన్న అంతకంటే కట్టలేరు. నా కోపం అలాంటి వాళ్ల మీద కాదు, 72 వేలు తీసుకుని, జీతాల దగ్గర మాత్రం ఆ 9 వేలిచ్చే స్కూల్‌తో పోల్చుకునే వాళ్ల మీద.

ఇంకో విచిత్రం ఏంటంటే పిల్లలు ఎంత చిన్నోళ్లైతే టీచర్ జీతం అంత తక్కువ. మా దగ్గర నర్సరీ మేడమ్‌కి 11 వేలు. టెన్త్‌కి వచ్చే ఫిజిక్స్ సార్‌కి 35 వేలు, ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకి వచ్చే వాళ్లకి ఇంకా ఎక్కువ, వాళ్ల ఫోటోలు ఫ్లెక్సీల మీద. నర్సరీ మేడమ్ ఏం చేస్తుందో ఒకసారి కిటికీలోంచి చూశా. ఒక పిల్ల ఏడుస్తూ చంకలో ఉంది, ఇంకో పిల్లోడి ప్యాంట్ తడిసింది, ఆయా రాలేదు, ఆవిడ ఒక చేత్తో వాడిని పక్కకి జరిపి ఇంకో చేత్తో బోర్డు మీద ‘ఆ’ రాస్తూ, ఆవు అనండి నాన్నా అంటోంది. 32 మంది ‘ఆవు’ అన్నారు. అది 11 వేల పని అంట. ఆ ఏడాది చివరికి వాళ్లంతా చదవడం మొదలుపెట్టారు. ఎవరికీ ఫ్లెక్సీ పడలేదు.

నా డ్యూటీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే టీచర్లకేంటి ఒంటిపూట బడులు, దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు అంటారు మా ఆడపడుచు సహా అందరూ. పొద్దున 7:50కి థంబ్ పడాలి, మూడు లేట్లకి ఒక హాఫ్ డే కట్. రోజుకి ఆరు పీరియడ్లు, లంచ్‌లో డైనింగ్ హాల్ డ్యూటీ, సాయంత్రం 4:30కి బస్ డ్యూటీ, గంట ఎండలో నిలబడి ఏ పిల్ల ఏ బస్సు ఎక్కిందో టిక్ పెట్టాలి. సాయంత్రాలు ఫీజు కట్టని పేరెంట్స్‌కి ఫోన్ చేయమని లిస్ట్ చేతిలో పెడతారు, పొద్దున అదే పేరెంట్‌కి మీ బాబు బాగా చదువుతున్నాడు సార్ అని చెప్పిన నోటితో సాయంత్రం డ్యూ 18 వేలు ఉంది సార్ అనాలి. ఇంటికొచ్చాక కరెక్షన్. నాకు నాలుగు సెక్షన్లు, 168 నోట్‌బుక్కులు, అది క్లాస్‌వర్క్ మాత్రమే. పుస్తకానికి రెండు నిమిషాలు వేసుకున్నా ఐదున్నర గంటలు. హాల్లో గోడకి ఆనించి పేరుస్తా, మా వాడు ఆ దొంతర్లని వికెట్లు చేసుకుని సాఫ్ట్ బాల్‌తో ఆడతాడు, కుక్కర్ విజిల్ లెక్కపెడుతూ నేను రెడ్ పెన్నుతో టిక్కులు. పెన్నులు మన డబ్బులే. ఒకసారి ఎయిత్ క్లాస్ పిల్లోడొకడు నా పని తగ్గిద్దామని వాడే ఎర్ర పెన్నుతో టిక్కులు కొట్టుకుని కింద గుడ్ అని రాసుకున్నాడు, స్పెల్లింగ్ తప్పుతో. వాడిని తిట్టబుద్ధి కాలేదు, స్పెల్లింగ్ దిద్ది సంతకం పెట్టా.

ఎండాకాలం సెలవులు పిల్లలకి. మాకు ఏప్రిల్ ఆఖరు నుంచి అడ్మిషన్ల క్యాన్వాసింగ్. తలా ఐదు అడ్మిషన్లు టార్గెట్, తేకపోతే ఏప్రిల్ జీతం హోల్డ్. పాంప్లెట్లు పట్టుకుని అపార్ట్‌మెంట్లకి పోతే వాచ్‌మన్ అన్న లోపలికి రానివ్వడు. ఒకాయన మాత్రం నీళ్లిచ్చి, ఎందుకమ్మా ఎండలో, ఎంతిస్తారు మీకు అని అడిగాడు. చెప్పా. ఆయన ఏమనలేదు, కాసేపాగి నాకు 14 వేలు, రూమ్ ఫ్రీ, కరెంట్ కూడా వాళ్లదే అన్నాడు. ఆయనకి ఎక్కువొస్తుందని నా ఏడుపు కాదు, 24 గంటలు గేటు దగ్గరుండే మనిషికి అదీ తక్కువే. కానీ ఆ నీళ్ల గ్లాసు తిరిగివ్వడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

గవర్నమెంట్ టీచర్ల గురించి కూడా ఒక మాట. ఎక్కడ జీతాల టాపిక్ వచ్చినా, వాళ్లకి లక్ష ఇస్తున్నారు, పనేముంది అని మొదలవుతుంది. మా అక్క 2008 డీఎస్సీ, నల్గొండ జిల్లాలో ఎస్‌జీటీ. అవును, జీతం బాగానే ఉంది, ఇల్లు కట్టుకుంది, ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఒక టీచర్‌కి అలా ఉండటంలో తప్పేంటి? తను చేసే పనీ చూశా నేను. ఇద్దరే టీచర్లు, ఐదు తరగతులు, ఒక గదిలో ఒకటి రెండు, ఇంకో గదిలో మూడు నాలుగు ఐదు. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, యూడైస్ ఎంట్రీ (స్కూల్ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం), ఓటర్ లిస్ట్. 2024 నవంబర్‌లో కుల సర్వే వచ్చినప్పుడు పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి చేతిలో ఫారాలతో ఇంటింటికీ తిరిగింది, కుక్క కరవబోతే పారిపోయి చెప్పు తెగ్గొట్టుకుంది. విద్యాహక్కు చట్టంలో జనాభా లెక్కలు, ఎలక్షన్లు, విపత్తులు తప్ప ఇంకే పనికీ టీచర్ని వాడొద్దని రాసుంది, అక్క ఫోన్‌లో నవ్వుతూ ఆ సెక్షన్ నాకు చదివి వినిపించింది. 2004 సెప్టెంబర్ తర్వాత చేరింది కాబట్టి పాత పెన్షన్ లేదు, జీతంలోంచి వాటా కట్టుకునే సీపీఎస్సే. నా ఒపీనియన్ అడిగితే అక్కకి వచ్చేది కరెక్ట్ జీతం. నాకు కోపం అక్కకి ఎక్కువొస్తుందని కాదు, అదే బీఈడీ, అదే పాఠాలు చెప్పే పని, రోడ్డుకి అటుపక్క ఒక రేటు, ఇటుపక్క మూడో వంతు అని.

కరోనా టైమ్‌లో నేను వేరే స్కూల్‌లో చేసేదాన్ని, 2020 ఏప్రిల్ నుంచి జీతం ఆగిపోయింది, ఫోన్లో క్లాసులు మాత్రం ఆగలేదు. 2021 ఏప్రిల్‌లో గవర్నమెంట్ ప్రైవేట్ టీచర్లకి 2 వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. వద్దనుకునే పరిస్థితి కాదు మాది. రేషన్ షాప్ లైన్లో నా ముందు నా పాత స్టూడెంట్ వాళ్ల నాన్న. నమస్తే మేడమ్, మీరు ముందు తీసుకోండి అని పక్కకి జరిగాడు. గౌరవం అంటే అది. టీచర్లకి డబ్బు కాదు గౌరవం ముఖ్యం అనే వాళ్లకి చెప్తున్నా, గౌరవం నాకు ఆ లైన్లో కూడా దొరికింది, దొరకనిది జీతమే.

టీచర్స్ డే అయితే స్కూల్ అదరగొట్టేస్తుంది, అది ఒప్పుకోవాలి. రాధాకృష్ణన్ గారి ఫోటోకి దండ, గురుర్బ్రహ్మ శ్లోకం, పిల్లల డ్యాన్సులు, అందరికీ స్కూల్ లోగో ఉన్న స్టీల్ టిఫిన్ బాక్స్. అదే వారం మా హిందీ మేడమ్‌కి చికున్‌గున్యా వచ్చి ఐదు రోజులు రాకపోతే ఐదు రోజులూ కట్. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గుజరాత్ కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో ఆ శ్లోకం గురించే అంది, సభల్లో గురుర్బ్రహ్మ అని చదివితే సరిపోదు, దేశం టీచర్లని చూసుకునే తీరులో అది కనిపించాలి అన్నట్టుగా. వాళ్లకి నెలకి 30 వేలు ఇస్తున్నారని కోర్టు బాధపడింది. ఆ వార్త చదివి నేనూ హిందీ మేడమ్ ఫోన్ చేసుకుని నవ్వుకున్నాం, 30 వేలా!

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే డబ్బు, దాని గురించి తెలియని టీచర్లు చదవండి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రైవేట్ స్కూల్ టీచర్లకి కూడా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే, 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్క అని. మామూలుగా ఐదేళ్లు సర్వీస్ ఉండాలి. అందుకే మా స్కూల్ ఏం చేస్తుందంటే ప్రతి జూన్‌లో కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్, మే నెల బ్రేక్. కాగితం మీద అందరం ఎప్పుడూ కొత్తవాళ్లమే. పాత ఆర్డర్లు, జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్లు పారేయకండి, క్యాష్ ఇస్తామంటే వద్దనండి.

మానేశాక ఒరిజినల్స్ కోసం రెండు నెలలు తిరిగా. ఆఫీస్ చూసే ఏవో సార్ ఉండరు, ఉంటే బీరువా తాళం ఉండదు, తాళం ఉంటే ప్రిన్సిపాల్ సంతకం ఉండదు. చివరికి అన్నయ్య కాస్త గట్టిగా మాట్లాడితే ఆ పది నిమిషాల్లోనే అన్నీ దొరికాయి. ఇప్పుడు ఇంట్లో ట్యూషన్ చెప్తున్నా, 14 మంది, తలా 1,500, నెలకి 21 వేలు, కరెక్షన్ అదే హాల్లో. క్లాస్‌రూమ్ మాత్రం మిస్ అవుతున్నా, అది అబద్ధం చెప్పను.

మా వాడిని ఇంకో స్కూల్‌లో వేశాం. ఈసారి వెళ్లగానే ఫ్రంట్ ఆఫీస్ అమ్మాయిని అడిగా, ఫిఫ్త్ క్లాస్ టీచర్లు ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు అని. ఏసీ క్యాంపస్, రోబోటిక్స్ ల్యాబ్ అన్నీ గడగడా చెప్పిన పిల్ల దానికి మాత్రం తడబడింది, కనుక్కుని చెప్తా మేడమ్ అంది. అటుగా పోతున్న తెలుగు సార్ ఆగి, నాది పదకొండేళ్లమ్మా, మ్యాథ్స్ మేడమ్‌ది ఎనిమిది అన్నారు. బిల్డింగ్ పాతది, ఫీజు 6 వేలు ఎక్కువ, వేసేశాం.

పాత స్కూల్‌కి స్టార్లు: ఆయాలకి ఒకటి, బస్సుకి ఒకటి, చపాతీ మేడమ్‌కి ఒకటి, ఆవిడ ఇప్పుడు అక్కడ లేకపోయినా. టీచర్‌గా ఇచ్చిన ఆ ఒక్క స్టార్ స్టాఫ్ రూమ్ ఫ్యాన్‌కి, బాగా తిరుగుతుంది. డిపాజిట్ కింద పట్టుకున్న నా మొదటి నెల జీతం, ఆఖరి ఏప్రిల్ జీతం ఇంకా రాలేదు. వస్తే వచ్చి ఇంకో స్టార్ యాడ్ చేస్తా.